నల్లమ్మ బావిలో సముద్రపు పిల్ల

తాబేలుకు మందు అడుగుతూ నా షాపుకు ఎవరూ రాలేదు, ఆ గురువారం నల్లమ్మ వచ్చేదాకా.

కదిరి దగ్గర తనకల్లులో, బస్టాండు పక్కన ముప్పై ఏళ్లుగా మందుల షాపు నడుపుతున్నాను. మేకకు జ్వరమని, కోడికి తూలుడని వస్తూనే ఉంటారు. పశువుల డాక్టరు దగ్గరికి పొమ్మంటాను. విసుక్కుంటూ పోతారు. ఆయన లేడని మళ్లీ నా దగ్గరికే వస్తారు.

"ఏమప్పా శెట్టీ, ఆకలి పుట్టే మందు ఏమన్నా ఉండాదా?" అంది నల్లమ్మ, కొంగుతో మెడ తుడుచుకుంటూ.

"ఎవరికి?"

"తాబేలుకు."

నేను నవ్వలేదు. నల్లమ్మను చూసి నవ్వడం నాకు చేతకాదు. నా భార్య కన్యకమ్మ చివరి ఆరు నెలలు మంచంలో ఉన్నప్పుడు, ఈమె ప్రతి మంగళవారం చేను నుంచి నడిచొచ్చి, ఏమీ మాట్లాడకుండా ఆమె కాళ్లు పిసికి వెళ్లేది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

నల్లమ్మ చేను ఊరికి రెండు మైళ్ల దూరం. ఒక రాతికట్టు బావి, దాని కింద ముప్పాతిక ఎకరం మల్బరీ. ఆ ఆకుతో పట్టుపురుగులు మేపుతుంది. మూడేళ్లుగా సరైన వాన లేదు. ఫిబ్రవరి నుంచే బావి అడుగంటుతోంది. మా వైపు కొందరికి ఒక నమ్మకం ఉంది, తాబేలు ఉన్న బావి ఎండదని. దొరికితే తెచ్చి వదులుతారు. నల్లమ్మ తమ్ముడు నాగప్ప టమాటా లారీ మీద హమాలీ. సోమవారం నెల్లూరు వైపు సరుకు దించి వస్తూ, ఒక తాబేలు పిల్లను తడి గోనెపట్టాలో చుట్టి తెచ్చాడట. అక్క బావిలో వేశాడట.

"మూన్నాళ్లాయ. బొరుగులేస్తే తింటాలేదు. వానపామునేస్తే తింటాలేదు. తోటకూర ముట్టుకోల్యా. కానీ నీళ్లు మాత్రం రెండు జానలు ఎక్కినాయప్పా," అంది. ఆ చివరి మాట అన్నప్పుడు ఆమె ముఖంలో వెలుగు చూశాను.

"నాగప్ప దాన్ని యాడ పట్టినాడు?"

"సముద్రం గడ్డన."

ఆ మాట వినగానే లేచాను. షాపు తలుపు దించి స్కూటరు తీశాను.

*

నాగప్ప బావి గట్టున బీడీ తాగుతున్నాడు. బావిలోకి పొడుచుకొచ్చిన రాతి మెట్ల మీదుగా దిగి, బకెట్లో దాన్ని పట్టి తెచ్చాడు.

సిరప్ సీసా మూత కంటే కొంచెం పెద్దది. బరువు ఒక మాత్రల అట్టంత. నల్లగా, బూడిద రంగుగా ఉంది. కాళ్ల స్థానంలో నాలుగు తెడ్లు. అరచేతిలో పెట్టుకుంటే ఆ తెడ్లు గాలినే తోస్తున్నాయి. ఆగడం లేదు.

నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదివాను. ఆఖరి సంవత్సరం మమ్మల్ని సముద్రానికి తీసుకుపోయారు. నీళ్లు వెనక్కి తగ్గిన వేళ మా మాస్టరు ఒక రాయి పైకెత్తి పట్టుకున్నాడు. దాని అడుగున పువ్వుల్లాంటి జీవులు, గోరంత పీతలు, ఐదు చేతుల నక్షత్రం, దారం కంటే సన్నని పురుగులు. వేలు చూపితే పువ్వు ముడుచుకుంది. ఒక్క రాయి కింద మా మండలమంత జనాభా. మాస్టరు ఆ రాయిని ఎలా తీశాడో అలాగే, అదే వైపుగా, మెల్లగా పెట్టేశాడు. చదివిందంతా మర్చిపోయాను కానీ, ఆయన ఆ రాయిని పెట్టిన తీరు మర్చిపోలేదు.

"ఇది బావి తాబేలు కాదు నల్లమ్మా. సముద్రానిది. ఈ నీళ్లలో బతకదు."

"ఏం? మా నీళ్లకేమొచ్చినాది? ఉప్పు లేని నీళ్లప్పా ఇవి. సుట్టుపక్కల బోర్లన్నీ ఉప్పన, చేదు. మా బాయి నీళ్లే తియ్యన," అంది ఆమె, తన బిడ్డకు ఎవరో వంక పెట్టినట్టుగా.

ఆమె దగ్గరున్న అన్నిటికంటే మంచి వస్తువును దానికి ఇచ్చింది. అది దానికి పనికిరాదని నమ్మడానికి మా నేల మీద పుట్టిన ఎవరికైనా కష్టమే. కన్యకమ్మను ఒకే ఒకసారి సముద్రానికి తీసుకుపోయాను. చాలాసేపు చూసి, "ఇన్ని నీళ్లుండి చెంబుడు కూడా తాగేకి రావా?" అని అడిగింది. అలిగినట్టు అడిగింది.

"నేనేమన్నా దొంగతనం చేసినానా?" అన్నాడు నాగప్ప. "తెల్లారి మొగం కడుక్కునేకి దిగితే, ఇవి నూర్లు నూర్లు ఇసకలో పోతాండాయి. సముద్రం ఒక పక్క ఉంటే ఇవి రోడ్డు లైట్ల పక్కకు పోతాండాయి. కుక్కలు ఏరుకొని తింటాండాయి. ఇదొక్కటే నా చేతికి దొరికినాది. మా అక్క బాయికి పనికొస్తాదని తెస్తిని."

"తప్పు చేసినావని కాదప్పా. కుక్క నోట్లోంచి తీసినావు," అన్నాను.

ఫోనులో వెతికితే నెల్లూరు వైపు తీరంలో తాబేలు గుడ్లను కాపాడే వాళ్ల నంబరు దొరికింది. ఐశ్వర్య అనే అమ్మాయి మాట్లాడింది.

"ఎక్కడి నుంచండీ? తనకల్లా? అదెక్కడ?"

చెప్పాను.

"ముందు నీళ్లలోంచి తీసేయండి."

"ఉప్పు కలిపి సముద్రం లెక్కకు నీళ్లు చేయమంటారా? లీటరుకు ముప్పై ఐదు గ్రాములు. నా దగ్గర త్రాసు ఉంది." కొంచెం గర్వంగానే అన్నాను.

"వద్దండీ. ఏ నీళ్లూ వద్దు. నీళ్లలో ఉన్నంతసేపూ ఈదుతూనే ఉంటుంది, అలిసిపోతుంది. తడి ఇసుకలో పెట్టి, చీకట్లో, చల్లగా ఉంచండి. తిండి కూడా పెట్టకండి. గుడ్డులోని సొన కొంత కడుపులో పెట్టుకునే పుడతాయివి. లోతు నీళ్లకు చేరేదాకా అదే తిండి. ఇవాళకి నాలుగో రోజంటున్నారు. ఇంకెంత మిగిలిందో చెప్పలేను. త్వరగా తీసుకురండి."

నాకు తెలిసిన ఒక్క విషయమూ పనికిరాలేదు.

ఆ అమ్మాయి చెప్పింది నల్లమ్మకు చెప్పాను. సొన సంగతి ఒక్కటే ఆమె పట్టుకుంది.

"సద్ది కట్టి పంపిచ్చినాదా వాళ్లమ్మ? అందుకేనా నా బొరుగులు ముట్టుకోల్యా?"

"అవును."

"వాళ్లమ్మ యాడుంటాది?"

"గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, సముద్రంలోకి పోతుంది. పిల్లలను చూడదు."

"చూడనే చూడదా?"

"చూడదు. ఇవి వెయ్యి పుడితే పెద్దదయ్యేది ఒక్కటి. అది ఆడదైతే పదిహేనేళ్లకు ఆ ఒడ్డుకే వచ్చి గుడ్లు పెడుతుంది. ఇసుక వేడి ఎక్కువైతే అన్నీ ఆడపిల్లలే పుడతాయి. ఈ ఎండలకు ఇదీ ఆడదే అయ్యుంటుంది."

నల్లమ్మ బకెట్టును తన వైపు లాక్కుంది. గట్టిగా కాదు, మెల్లగా.

"చెప్పేదంతా బాగుండాది శెట్టీ. కానీ నీళ్లెక్కినాయి. నా పురుగులు నాలుగో జ్వరంలో ఉండాయి. రేపు లేస్తాయి. లేస్తే రాచ్చసుల మాదిరి తింటాయి. ఎనిమిది దినాలు ఆకు కావాల. ఎనిమిది దినాలకు ఈ బాయి కావాల. అంతవరకూ ఉండనీ. ఆమీద నువ్వే ఎత్తుకపో."

పురుగు కుబుసం విడిచే దశను మా వైపు జ్వరం అంటారు. నాలుగుసార్లు వస్తుంది. నాలుగోదాని నుంచి లేచాక తినే తిండే పంట. ఆ ఎనిమిది రోజులు ఆకు తగ్గితే నెల కష్టం గూడు కట్టకుండానే పోతుంది.

"ఎనిమిది రోజులు ఇది బతకదు," అన్నాను.

ఆమె బకెట్టు నాగప్ప చేతికిచ్చింది. కళ్లతోనే వాణ్ని బావిలోకి పంపించింది.

*

దారి పొడుగునా నేను చెప్పని మాట నన్ను పీడించింది. నీళ్లు ఎందుకు ఎక్కాయో నాకు తెలుసు. నల్లమ్మ చేను పక్కనే ముత్యాలప్ప బోరు. ఏడు నూర్ల అడుగులు. ఆ మోటరు పగలూ రాత్రీ లాగుతూ ఉంటే పక్క బావిలో ఊట ఉండదు. సోమవారమే ఆ మోటరు కాలిపోయింది. కదిరికి పంపానని ముత్యాలప్ప నా షాపు ముందే నిలబడి తిట్టుకున్నాడు. తాబేలు వచ్చిన రోజూ అదే, మోటరు ఆగిన రోజూ అదే.

చెబితే తాబేలును ఇస్తుందేమో. కానీ చెబితే ఆమెకు ఏం మిగులుతుంది? మోటరు బాగై వచ్చాక ఎలాగూ నీళ్లు దిగిపోతాయి. అప్పటిదాకా ఉన్న ఆ కాస్త వెలుగును నేను ఊదేయాలి. కన్యకమ్మ రిపోర్టు చదివిన రోజు డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఆమెకు ఎంతవరకు చెప్పమంటారని అడిగాడు. ఆ రోజూ నాకు నోరు రాలేదు. ఎనిమిదేళ్లయింది. ఆ నోరు ఇంకా అలాగే ఉంది.

శుక్రవారం పొద్దున షాపు తలుపు ఎత్తేసరికి మెట్టు మీద నల్లమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో తడి గుడ్డ కప్పిన స్టీలు డబ్బా.

"పంపిచ్చప్పా," అంది.

ఆమే చెప్పింది.

"నిన్న నువ్వు పోయినంక గట్టున కూర్చుంటి. అది ఒకే గోడను పొడుస్తాండాది. ఒకటే గోడ. నాగప్ప దిగి దాన్ని ఎనిక్కి తిప్పి వదిలినాడు. మళ్లీ ఆ గోడకే పోయినాది. పొద్దు మునిగేదాకా చూసినా. ముక్కు తెల్లగా గీసుకపోయినాది, చూడు. అట్ల ఎవరన్నా తలుపు కొడతాంటే ఇంట్లో కూర్చునేకి అయితాదా?"

ముక్కు కొసన చర్మం లేచింది. నిన్నటి కంటే తెడ్లు నెమ్మదిగా కదులుతున్నాయి.

ఇన్సులిన్ సీసాలు వచ్చే థర్మాకోల్ డబ్బా ఒకటి తీసి, కత్తెరతో చిల్లులు పొడిచాను. నల్లమ్మ ఊరి పక్కన ఎండిన వంక నుంచి ఇసుక తెచ్చి, తడిపి, చేత్తో చదును చేసింది. తాబేలును పెట్టి మూత వేశాను. షాపులో అన్నిటికంటే చల్లని చోటు మందుల ఫ్రిజ్ పక్కన కింద గచ్చు. అక్కడ ఉంచాను. రోజంతా ఎవరికి మాత్రలు ఇస్తున్నా నా చెవి ఆ డబ్బా మీదే. అప్పుడప్పుడు లోపల గీరిన చప్పుడు. మధ్యాహ్నం గంటసేపు చప్పుడు లేదు. మూత ఎత్తి చూసే ధైర్యమూ లేదు. చీకట్లో ఉంచమంది కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మూడింటికి మళ్లీ గీరింది.

పగటి బస్సులో నేనే తీసుకుపోదామనుకున్నాను. ఐశ్వర్య వద్దంది. ఈ ఎండలో ఎనిమిది గంటలు బస్సులో వద్దు, చల్లబడ్డాక బయలుదేరే బండి చూడండి అంది. నాగప్ప టమాటా లారీ సాయంత్రం ఆరింటికి.

"మీరు ఇంత శ్రమపడుతున్నారు కదా, నిజం చెప్పాలి," అంది ఆ అమ్మాయి. "బతుకుతుందని నేను మాటివ్వలేనండీ. బతికేదే వెయ్యికొకటి."

"మరి మీరెందుకు చేస్తున్నారమ్మా?"

"నేను చేరిన ఏడాది మా ఒడ్డున నలభై గూళ్లు కూడా దొరకలేదు. ఈ ఏడాది నూట పదిహేడు. ఇదివరకు గుడ్లు తవ్వుకుపోయే పిల్లకాయలే ఇప్పుడు ఫోన్ చేసి, అక్కా ఇక్కడ పెట్టింది రమ్మంటున్నారు. ఆ మాట చెప్పి సంబరపడదామంటే, జనవరిలో రోజుకొకటి పెద్దవి చచ్చి ఒడ్డుకొచ్చాయి. వలల్లో చిక్కి, ఊపిరాడక. ఏ లెక్కను నమ్మాలో నాకూ తెలియదండీ. మీ డబ్బాను మాత్రం రేపు తెల్లవారుజామున ఐదింటికి ఒడ్డున నిలబడి తీసుకుంటాను."

నాలుగున్నరకు ముత్యాలప్ప వచ్చి నడుం నొప్పికి లేపనం అడిగాడు. "మోటరు వచ్చినాది శెట్టీ. దించేసరికి నడుములు ఇరిగినాయి. పొద్దుననించి నడస్తాండాది," అన్నాడు.

రేపటికి బావి దిగిపోతుంది. తాబేలును పంపిన మర్నాడే. నల్లమ్మ ఏమనుకుంటుందో నాకు తెలుసు. పంపమన్నది నేను.

ఆరింటికి లారీ దగ్గర నల్లమ్మ చిన్న గుడ్డ మూట తెచ్చింది. బియ్యం, పసుపు కొమ్ము, రెండు తమలపాకులు, వక్క. ఆడబిడ్డను పంపేటప్పుడు ఒడిలో పోసేవి. డబ్బాలో పెట్టొద్దన్నాను. అయితే పైన కడతానంది. పురికొసతో మూతకు కట్టి, డబ్బాకు కుంకుమ బొట్టు పెట్టింది.

"దీనికి ఇంత మర్యాద చేస్తాండావే, నాకు ఒక్కనాడన్న బొట్టు పెట్టినావా?" అన్నాడు నాగప్ప.

"నువ్వు పోతే ఎనిక్కి వస్తావు కదరా, తిండికి," అంది ఆమె.

డ్రైవరు నవ్వాడు. నాగప్ప డబ్బాను ఒళ్లో పెట్టుకుని క్యాబిన్‌లో కూర్చున్నాడు. లారీ మలుపు తిరిగేదాకా చూశాం. ఆమె చేనుకు, నేను షాపుకు. మోటరు సంగతి అప్పుడూ చెప్పలేకపోయాను.

*

ఆదివారం పదింటికి నాగప్ప, నల్లమ్మ కలిసి వచ్చారు. శనివారం ఐశ్వర్యకు నాలుగుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. పని మీద ఉండి ఉంటుంది. లేదా చెప్పడానికి ఇష్టం లేక.

నాగప్ప థర్మాకోల్ డబ్బాను కౌంటరు మీద పెట్టాడు.

"ఆయమ్మ ఉండాది ఆడ, చెప్పినట్టే. పిల్లే, మన కాలేజీ పిల్లల మాదిరి. డబ్బా తెరిచినాది. అది కదల్యా. నేను అయిపాయ అనుకుంటి. ఆయమ్మ గోరుతో ఈపు మీద ఇట్ల రాసినాది. అది ఒక తెడ్డు లేపినాది."

"తరువాత?"

"నీళ్లలో వేస్తాదనుకుంటి. వేయల్యా. నీళ్లకు పది అడుగులు ఎనక ఇసకలో పెట్టినాది. అది దానంతటికదే నడవాలంట, ఆ ఇసక దానికి తెలియాలంట. జానెడు నడిచి నిలబడిపాయ. అద్దగంట నిలబడితిమి. ఒక పక్క కుక్కలు. నేను వాటిని తరుముతాండా. ఒక అల వచ్చి దాన్ని తీసుకపాయ. మళ్లా ఎనిక్కి తెచ్చి పారేసె. ఎల్లకిల్లా పడినాది. ఆయమ్మ తిప్పి పెట్టినాది. రెండోదీ తెచ్చి పారేసె. మూడో అల వచ్చి పోయినంక చూస్తే ఆడ లేదు."

"సముద్రంలోకి పోయినట్టేనా?"

"నేనూ అదే అడిగితి. పోయిందనే అనుకోవాలి అన్నా, అనినాది ఆయమ్మ."

నల్లమ్మ డబ్బా మూత తీసి, ఇసుకలో వేలు పెట్టి, నాలుకకు తాకించుకుంది. మా వంక ఇసుక పారేసి, ఆ ఒడ్డు ఇసుక కొంచెం వేసుకొచ్చాడు నాగప్ప.

"ఉప్పే," అంది.

ఇక దాచలేకపోయాను. "బావి దిగిందా నల్లమ్మా?"

"దిగినాది. నిన్న తెల్లారేసరికే అడుగు రాళ్లు కనబడతాండాయి."

"అది తాబేలు పోయినందుకు కాదు. ముత్యాలప్ప మోటరు..."

"తెలుసు శెట్టీ." ఆమె నా వైపు చూడకుండానే అంది. "ఆయప్ప మోటరు సద్దు నా చెవులకు రాదా? అది ఆగిన దినమూ తెలుసు, మళ్లీ పట్టిన దినమూ తెలుసు. ఇరవై ఏండ్లుగా ఆ సద్దుకే నిద్ర లేస్తాండా."

"తెలిసి కూడా ఆ రోజు..."

"బాయిలో ఏదో ఒకటి ఉండాల కదప్పా," అంది. "వట్టి బాయిలోకి తొంగి చూసేకి మనసొప్పదు."

కౌంటరు మీది బిళ్లల డబ్బాలను సర్దినట్టు నటించాను. మూడు రోజులు ఆమెను కాపాడుతున్నాననుకున్నాను. ఆమె నన్ను ఇబ్బంది పెట్టకుండా చూసుకుంది.

"పురుగులు?" అన్నాను చివరికి.

"సగానికే ఆకుండాది. తక్కినవి పారేయాల, లేకుంటే అన్నీ సస్తాయి. కోళ్లకేస్తామని తట్ట ఎత్తినా. తలకాయలు పైకెత్తి ఆకు కోసం ఇట్ల ఇట్ల చూస్తాండాయప్పా." ఆమె మెడ సాచి అటూ ఇటూ ఊపి చూపింది. "సగం తట్టలు ముత్యాలప్ప ఇంటికి మోసి ఇచ్చేసినా. ఆయప్పకు ఆకుండాది."

"నీ నీళ్లతో పెరిగిన ఆకు అది."

"ఎవరి నీళ్లైతే ఏమిలే. వాటికి తెలుసునా?"

నాగప్ప బీడీ కోసం బయటికి పోయాడు. నల్లమ్మ లేచి, కుంకుమ బొట్టు ఉన్న ఆ డబ్బాను నా వైపు తోసింది.

"పదైదేండ్లంటివి కదా. యాదికి రాసిపెట్టు."

మందుల అట్టల మీద గుర్తులు పెట్టే నల్ల పెన్ను తీసి, డబ్బా మూత మీద పదిహేనేళ్ల తరువాతి ఏడాది రాశాను. రోజూ గడువు తేదీలు చూడడమే నా పని. అంత దూరపు తేదీ ఉన్న వస్తువు నా షాపులో ఇంకొకటి లేదు.

"ఆ పొద్దుకి నేనుండను," అంది ఆమె, అంకెలను చదవలేకపోయినా వాటి వైపు చూస్తూ. "నువ్వూ ఉండవులే."

"ఉండను."

"ఆ ఒడ్డున డబ్బా అందుకున్న పిల్ల ఉంటాది. అదొచ్చేది చూస్తాది."

ఎవరో తలనొప్పి మాత్ర అడుగుతూ వచ్చారు. ఇచ్చి తిరిగేసరికి నల్లమ్మ రోడ్డు దాటుతోంది. ఉన్న సగానికైనా ఎండ ముదరకముందే ఆకు కోయాలి. డబ్బాను ఫ్రిజ్ పక్కన, గచ్చు మీద, దాని చోటనే పెట్టాను.